కేసు అమ్మాలా, తెరవాలా: దసరా నుంచి కడుతున్న లెక్క

అక్టోబర్ 3, 2025, శుక్రవారం

చేయదలచుకున్న పని ఇది. కౌంటర్-స్ట్రైక్ 2 అనే కంప్యూటర్ తుపాకీ ఆట ఆడేవాళ్ళకు అప్పుడప్పుడు మూసి ఉన్న పెట్టెలు వస్తుంటాయి. వాటిని కేసులంటారు. కేసు ఊరికే వస్తుంది. దాన్ని తెరిచే కీ మాత్రం డబ్బు పెట్టి కొనాలి. తెరవడం ఇష్టం లేకపోతే, ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం మార్కెట్‌లో మూసిన కేసునే అమ్ముకోవచ్చు. కేసు పేరు, ఆ రోజు ధరలు ఇస్తే అమ్మడం, తెరవడం, ఉంచుకోవడం అనే మూడింట్లో ఏది మేలో చూపించే షీటు ఒకటి తయారు చేయాలి. ఎందుకు మేలో కూడా అందులోనే కనబడాలి. పందొమ్మిదేళ్ళ కుర్రాడికి కారణం చూపించకుండా ఉత్త సమాధానం ఇస్తే వినడు, వినకూడదు కూడా.

ఆ కుర్రాడు మా అక్క కొడుకు. ఇక్కడే, విజయనగరంలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. చాలాకాలంగా ఆడుతున్నాడు కాబట్టి వాడి అకౌంట్‌లో కేసులు డజన్ల కొద్దీ పోగయ్యాయి. ఆటలో వారానికోసారి లెవెల్ పెరిగినప్పుడు నాలుగు వస్తువులు చూపించి రెండు తీసుకోమంటారు, అలా వచ్చినవే ఇవన్నీ. దసరా సెలవుల్లో వచ్చి, "మావయ్యా, ఇవి అమ్మేస్తే ఎంతొస్తుంది, తెరిస్తే ఎంతొస్తుంది? నువ్వు పద్దులు రాస్తావు కదా, లెక్క కట్టి చెప్పు" అన్నాడు.

నేను గంటస్తంభం చుట్టుపక్కల కొన్ని దుకాణాలకు పద్దులు రాస్తాను. సరుకు కొన్నప్పటి ధర, అమ్మిన ధర, మధ్యలో పోయే కమీషను, ఇవే రోజూ నా పని. వీడు తెరవకముందే అడిగాడు. అది నాకు చాలా నచ్చింది. అందుకే నోటిమాటగా ఏదో ఒకటి చెప్పి పంపేయకుండా, ఇద్దరం కూర్చుని సరిగ్గా చేద్దామన్నాను.

అక్టోబర్ 5, ఆదివారం

ముందు కావలసింది ఏ రంగు ఎంత తరచుగా వస్తుందన్న సంగతి. కేసులో వచ్చే తుపాకీ స్కిన్లకు, అంటే తుపాకీ పైకి కనబడే అలంకారాలకు, ఎంత అరుదో బట్టి రంగులుంటాయి. బ్లూ అన్నిటికంటే మామూలుది, ఆపైన పర్పుల్, పింక్, రెడ్. అన్నిటికీ పైన గోల్డ్, అంటే కత్తి గానీ చేతి తొడుగులు గానీ. ఈ కేసులు 2013 ఆగస్టు నుంచి ఉన్నా, వాటి అవకాశాలు చాలా ఏళ్ళు బయటికి చెప్పలేదు. ఆటల్లో ఇలాంటి పెట్టెలు అమ్మేవాళ్ళు అవకాశాలను ప్రకటించి తీరాలని 2017లో చైనా నిబంధన పెట్టాక, అక్కడ ఆటను నడిపే పర్ఫెక్ట్ వరల్డ్ కంపెనీ ఈ అంకెలు బయటపెట్టింది:

బ్లూ 79.92 శాతం, పర్పుల్ 15.98, పింక్ 3.20, రెడ్ 0.64, గోల్డ్ 0.26.

ఇవి చైనా కోసం ప్రకటించినవే. అయినా మిగతా దేశాల్లో ఆటగాళ్ళు పెద్ద సంఖ్యలో తెరిచి రాసుకున్న రికార్డులు వీటికి దగ్గరగానే ఉంటాయి కాబట్టి మేమూ వీటినే తీసుకున్నాం.

మేనల్లుడు ఈ అంకెలను కాసేపు చూసి, బ్లూ నుంచి రెడ్ దాకా ఒక్కో మెట్టు పైదానికి సుమారు ఐదింతలుందని పట్టుకున్నాడు. అలా వెనక్కి కడుతూ వెళితే చక్కటి పూర్ణాంకాలు వచ్చాయి. మొత్తం 782 కేసులనుకుంటే బ్లూ 625, పర్పుల్ 125, పింక్ 25, రెడ్ 5, గోల్డ్ 2. శాతాలన్నీ సరిపోతున్నాయి. అవకాశాలు మాటల్లో చెప్పేటప్పుడు దశాంశాలు పక్కనపెట్టి ఇకమీదట ఈ 782నే వాడదామనుకున్నాం. "0.26 శాతం" అన్నప్పుడు వాడి మొహంలో ఏమీ కదల్లేదు. "782 తెరిస్తే రెండు" అన్నప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగాడు.

పైడితల్లి అమ్మవారి జాతర, రేపు తొలేళ్ళు, ఎల్లుండి సిరిమాను. ఇంటి నిండా చుట్టాలు. పని ఆపేశాం.

అక్టోబర్ 8, బుధవారం

ఈ రోజంతా ఖర్చు గడి మీదే గడిచింది. ఈ ప్రశ్నలో చాలామంది పట్టించుకోనిది ఇక్కడే ఉందని నా నమ్మకం, కాబట్టి వివరంగా రాసుకుంటున్నాను.

కీ ధర 2.49 డాలర్లు, మన డబ్బుల్లో రెండు వందల పైచిలుకు. కేసు ఊరికే వచ్చింది కాబట్టి తెరవడానికి అయ్యే ఖర్చు కీ ఒక్కటేనని మేనల్లుడు రాశాడు. నేను ఒప్పుకోలేదు. ఆ కేసును ఇవాళ మార్కెట్‌లో పెడితే ఎవరో ఒకరు కొంటారు. తెరిస్తే ఆ డబ్బు రాదు. దుకాణంలో సరుకు మామగారు బహుమతిగా ఇచ్చినా, బజారులో దానికి ధర ఉన్నంతకాలం పద్దులో ఆ ధర వేయాల్సిందే. కాబట్టి తెరవడానికి అయ్యే ఖర్చు అంటే కీ ధర, దానికి తోడు అమ్మితే చేతికొచ్చే కేసు ధర. "ఊరికే వచ్చింది కదా" అనుకోవడం వల్లే ఖరీదైన పాత కేసులు కూడా మనసుకు చవకగా కనబడతాయి. మార్కెట్‌లో కేసు ధర ఎంత పెరిగితే, తెరవడం అంత ఖరీదవుతుంది.

తరవాత కమీషను. స్టీమ్ మార్కెట్‌లో అమ్మేవాడు 100 రూపాయలు చేతికి రావాలనుకుంటే కొనేవాడు 115 ఇవ్వాలి. అందులో 5 స్టీమ్‌కు, 10 ఆటకు పోతాయి. మార్కెట్‌లో పైకి కనబడేది కొనేవాడి ధర. మాకు కావలసింది చేతికొచ్చేది. అందుకని షీటులో ప్రతి ధరనూ 1.15తో భాగించాం. కేసుకూ అంతే, కేసులోంచి వచ్చే స్కిన్‌కూ అంతే.

ఇంకో ముఖ్యమైన సంగతి. అమ్మగా వచ్చేది స్టీమ్ వాలెట్‌లో చేరుతుంది. దాంతో ఆటలు కొనుక్కోవచ్చు, వేరే స్కిన్లు కొనుక్కోవచ్చు. బ్యాంకు ఖాతాలోకి మాత్రం రాదు. వాలెట్‌లో ముందే మిగులు లేకపోతే, కీకి పెట్టేది బ్యాంకు ఖాతాలోని నిజం డబ్బు. ఈ రెండింటినీ ఒకే రూపాయిగా చూడొచ్చా అని చాలాసేపు మాట్లాడుకున్నాం. వాడు ఎలాగూ ఆటలు కొంటాడు, అంతవరకు వాలెట్ రూపాయి వాడికి రూపాయే. ఆ హద్దు దాటితే విలువ తగ్గుతుంది. షీటులో దీనికో గడి పెట్టాం, "వాలెట్ రూపాయి నాకు ఎంత?" అని. వాడు 0.9 వేసుకున్నాడు. ఎవరి అంకె వాళ్ళు వేసుకోవచ్చు.

స్కిన్లకు నగదు ఇచ్చే బయటి సైట్లున్నాయని వాడే చెప్పాడు. వాటిని లెక్కలోకి తీసుకోలేదు, తీసుకోం కూడా. డబ్బు పందెంగా పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే కేంద్ర చట్టానికి ఈ ఆగస్టు 22నే రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఆ బయటి సైట్లలో కొన్ని పక్కనే స్కిన్లతో పందేలు కూడా ఆడిస్తాయి. ఒక విద్యార్థి అకౌంటును అటువైపు తీసుకెళ్ళే దారి నా షీటులో ఉండకూడదు.

అక్టోబర్ 12, ఆదివారం

మొదటి పూర్తి లెక్క. అసలు ధరలు గంట గంటకూ మారుతుంటాయి కాబట్టి, పద్ధతి అర్థం కావడానికి గుండ్రటి అంకెలతో ఒక ఊహా కేసు తయారు చేశాం. కేసు అమ్మితే చేతికి 60 రూపాయలు. కీ 220. లోపలి వస్తువులు అమ్మితే చేతికొచ్చేది సగటున బ్లూ 15, పర్పుల్ 80, పింక్ 350, రెడ్ 2,500, గోల్డ్ 18,000.

ప్రతి రంగు ధరనూ దానికి ప్రకటించిన శాతంతో గుణించి కలిపితే: బ్లూ నుంచి 12, పర్పుల్ నుంచి 13, పింక్ నుంచి 11, రెడ్ నుంచి 16, గోల్డ్ నుంచి 47. మొత్తం సుమారు 99 రూపాయలు. తెరవడానికి ఖర్చు 280.

అంటే 280 పెట్టి సగటున 99 తెచ్చుకోవడం. "సరే, అమ్మేద్దాం. అయిపోయింది కదా" అన్నాడు వాడు. నాకు అయిపోయినట్టు అనిపించలేదు. ఆ 99ని విడగొట్టి చూడమన్నాను. అందులో 47 గోల్డ్ ఒక్కదానిదే. రెడ్ కూడా కలిపితే 63. అంటే సగటులో దాదాపు మూడింట రెండు వంతులు, 782లో ఏడు కేసుల నుంచే వస్తున్నాయి. మిగతా 775 కేసులు తెరిచినవాళ్ళకు ఆ డబ్బు కంటికి కూడా కనబడదు. 99 అనేది దాదాపు ఎవరికీ చేతికి రాని అంకె. తెరిచేవాళ్ళలో ప్రతి ఐదుగురిలో నలుగురికి వచ్చేది 15 రూపాయల బ్లూ.

అందుకని షీటులో సగటు గడిని కిందికి దించాం. పైన పెద్ద అక్షరాల్లో రెండు గడులు పెట్టాం: "ఎక్కువమందికి వచ్చేది", "పెట్టింది తిరిగి రావాలంటే ఏ రంగు రావాలి". ఈ ఊహా కేసులో రెండోదానికి సమాధానం పింక్ లేదా ఆపైన. అది 782లో 32 సార్లు.

ఈ రెండు గడులు పెట్టడానికే ఈ ప్రాజెక్టు చేస్తున్నానని నాకు ఇవాళ స్పష్టమైంది. సగటు చెడ్డదని చెప్పడం సులువే. సగటు ఎంత మంచిదైనా అది ఎవరి చేతికి వస్తుందో చూడాలని ఒక పిల్లవాడికి అంకెల్లో చూపించడం నాకు ముఖ్యం. చీటీలైనా, షేర్లైనా, రేపు వాడు సంపాదించే జీతంతో ఏం చేసినా ఈ చూపు పనికొస్తుంది.

అక్టోబర్ 15, బుధవారం

ఒకే స్కిన్‌కు అరుగుదలను బట్టి ఐదు తరగతులున్నాయి. 0 నుంచి 1 దాకా ఉండే అంకెలో 0.07 లోపు ఫ్యాక్టరీ న్యూ, 0.15 లోపు మినిమల్ వేర్, 0.38 దాకా ఫీల్డ్-టెస్టెడ్, 0.45 దాకా వెల్-వోర్న్, ఆపైన బాటిల్-స్కార్డ్. వీటి మధ్య ధరలో చాలా తేడా ఉంటుంది. స్టాట్‌ట్రాక్ అని, చంపిన లెక్క చూపించే రకం పదింట ఒకటి వస్తుంది, దాని ధర వేరు. ఇవన్నీ విడివిడిగా పెడితే షీటు వందల వరసలవుతోంది. ప్రస్తుతానికి ప్రతి స్కిన్‌కూ ఫీల్డ్-టెస్టెడ్ ధర తీసుకుంటున్నాం. బ్లూ, పర్పుల్ స్కిన్లకు దీనివల్ల సమాధానం మారదు.

అక్టోబర్ 18, శనివారం

పైథాన్ రోజు, అంటే కంప్యూటర్ ప్రోగ్రాము రాసే రోజు. ఇది పూర్తిగా మేనల్లుడి పని, నేను పక్కన కూర్చున్నాను. 625, 125, 25, 5, 2 అనే బరువులిచ్చి కంప్యూటర్‌తో కేసులు తెరిపించాడు. ఒక ఆటగాడు 50 కేసులు తెరిచినట్టు, అలాంటి ఆటగాళ్ళు పదివేలమంది ఉన్నట్టు. ముందు చేత్తో కట్టిన లెక్కతో సరిపోతుందో లేదో చూశాం, సరిపోయింది. ఆ తరవాతే దాన్ని నమ్మాం.

చేత్తో కట్టినవి ఇక్కడ రాసి పెడుతున్నాను. ఐదు కేసులు వరసగా తెరిస్తే ఐదూ బ్లూలే రావడానికి మూడింట ఒక వంతు అవకాశం ఉంది. 50 తెరిచినవాళ్ళలో 88 శాతం మందికి గోల్డ్ రాదు. 64 శాతం మందికి గోల్డూ రాదు, రెడ్డూ రాదు. మా ఊహా కేసు ప్రకారం వాళ్ళు పెట్టింది 14,000. తిరిగొచ్చేది సుమారు 1,800. 100 తెరిచినా 77 శాతం మందికి గోల్డ్ రాదు. గోల్డ్ రావడానికి రాకపోవడానికి సమాన అవకాశం కావాలంటే 271 కేసులు తెరవాలి. కీలకే 670 డాలర్లు దాటుతుంది.

ఒక విషయంలో వాడికీ నాకూ పడలేదు. వాడు తన ప్రోగ్రాముకు అసలు ఆటలోలాగా గిరగిరా తిరిగే వరస పెట్టాడు. స్కిన్లన్నీ కళ్ళ ముందు నుంచి జారిపోతూ, నెమ్మదిస్తూ, గోల్డ్ పక్కదాకా వెళ్ళి బ్లూ మీద ఆగేలాగా. చాలా బాగా చేశాడు, పనితనం మెచ్చుకున్నాను. కానీ తీసేయమన్నాను. అసలు ఆటలో కూడా ఏ వస్తువు రావాలో ఆ వరస తిరగకముందే నిర్ణయమైపోతుంది, తిరగడం చూపించడానికే. గోల్డ్ పక్కన ఆగిందంటే దగ్గరికి వచ్చామని కాదు, దానికీ ఫలితానికీ సంబంధం లేదు. అయినా చూసేవాడి గుండె కొట్టుకుంటుంది, ఈసారి కొంచెంలో పోయిందనిపిస్తుంది. నాకే టెన్షన్ వచ్చింది, నాకు ఆ ఆట రాదు కూడా.

"అది లేకపోతే ఎవరు చూస్తారు మావయ్యా?" అన్నాడు.

"లెక్క కావాల్సినోడు చూస్తాడు" అన్నాను.

తీసేశాడు. ఇప్పుడు ఒక్కో ఫలితం ఒక్కో వరసగా వస్తుంది: రంగు, పెట్టింది, వచ్చింది, తేడా. రంగులూ లేవు, చప్పుడూ లేదు. యాభై వరసలు అలా కిందికి చదువుకుంటూ వెళితే వాడే మెల్లగా అన్నాడు, "ఇలా చూస్తే ఎవడూ తెరవడు" అని.

అక్టోబర్ 21, మంగళవారం

దీపావళికి పలాసలో మా అత్తవారింటికి వచ్చాం, మేనల్లుణ్ణీ తీసుకొచ్చాను. మా మామగారిది జీడిపిక్కల వ్యాపారం. గోడౌన్‌లో బస్తాలున్నాయి, బస్తా 80 కేజీలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాడు తన షీటు ఆయనకు చూపించాడు. ఆయన అంతా విని ఒకే ప్రశ్న అడిగారు: "కొయ్యకుండా కొంటారేటి?"

పిక్కల బేరంలో కొనేవాడు బస్తాలోంచి గుప్పెడు తీసి, పిక్కలు నిలువునా కోసి చూస్తాడు. పప్పు నిండుగా ఉందా, ముడుచుకుపోయిందా, పుచ్చిందా, అన్నీ చూసి, బస్తాకు ఎంత పప్పు దిగుతుందో అంచనా కట్టి ఆ తరవాత ధర చెబుతాడు. లోపల ఏముందో కచ్చితంగా తెలియకపోయినా, తెలుసుకునే దారి ఇద్దరికీ ఉంది. ఉద్దానం రైతు పిక్కగా అమ్మాలా, పప్పు తీయించి అమ్మాలా అని ఆలోచించుకునేది కూడా ఆ కోతను బట్టే. కేసులో ఆ కోత లేదు. ఒక కేసును తెరిచి చూస్తే మిగతా కేసుల గురించి ఏమీ తెలియదు. ప్రతిదీ మళ్ళీ అదే 782 నుంచి మొదలు.

ఈ మాట మీద మేనల్లుడు ఒక విషయం గుర్తు చేశాడు. ఫ్రాన్స్‌లో 2019 నుంచి ఎక్స్-రే స్కానర్ అని పెట్టారు. అక్కడి ఆటగాడు కీ కొనకముందే కేసులో ఏముందో చూడొచ్చు. నచ్చితే కొంటాడు. నచ్చకపోతే కొనకుండా ఊరుకోవచ్చు, కానీ ఆ వస్తువు తీసుకోనిదే ఇంకో కేసును స్కాన్ చేయనివ్వరు. కాబట్టి బ్లూ కనబడినా దానికి కీ కొంటేనే తరవాతి కేసుకు వెళ్ళగలరు. మా మామగారు విని, "అయితే కోసినట్టే, కోసిన పిక్క మాత్రం కొనాలి" అన్నారు. సరిగ్గా అంతే. బెల్జియంలో అసలు తెరవడమే కుదరదు, 2018లో అక్కడి గేమింగ్ కమిషన్ డబ్బు పెట్టి తెరిచే ఇలాంటి పెట్టెలు జూదం కిందికి వస్తాయని చెప్పాక తెరిచే మీట తీసేశారు. అక్కడివాళ్ళకు మా షీటు అక్కర్లేదు.

అక్టోబర్ 23, గురువారం

పొద్దున్నే ఫోను. "మావయ్యా, ధరలన్నీ తిరగబడ్డాయి."

రాత్రి, ఈ ఆటను తయారు చేసిన వాల్వ్ కంపెనీ ఆటను మార్చింది. ఇదివరకు ఒకే రంగు స్కిన్లు పది ఇస్తే పై రంగుది ఒకటి ఇచ్చే పద్ధతి రెడ్ దగ్గర ఆగిపోయేది. ఇప్పుడు ఐదు రెడ్లు ఇస్తే ఒక కత్తో తొడుగులో ఇస్తారట. కొన్ని గంటల్లోనే కత్తుల ధరలు పడిపోయాయి, రెడ్ల ధరలు ఎగిరాయి. ఏళ్ళ తరబడి కత్తులు దాచుకున్నవాళ్ళు చాలా పోగొట్టుకున్నారు. వాడి క్లాస్‌మేట్ ఒకడు బాధతో ఇవాళ కాలేజీకి కూడా రాలేదని చెప్పాడు. ఆ అబ్బాయి గురించి నాకు నిజంగా దిగులేసింది. వెళ్ళి కలిసి రమ్మన్నాను.

సాయంత్రం లెక్క. 782 అంకె ఇక్కడ మళ్ళీ పనికొచ్చింది. 782 కేసుల్లో గోల్డ్ రెండు, రెడ్ ఐదు. ఐదు రెడ్లు అంటే ఒక గోల్డ్. అంటే వచ్చిన రెడ్లన్నీ మార్చేస్తే, అదే 782 కేసుల నుంచి ఇకమీదట మూడు గోల్డులు బయటికి రాగలవు. సరఫరా సగం పెరగగలదన్నమాట. దానికి తోడు ఇన్నేళ్ళుగా అందరి దగ్గరా పేరుకున్న రెడ్లున్నాయి. కత్తి ధర పడకపోతేనే ఆశ్చర్యం.

మా ఊహా కేసులో రెడ్‌ను 2,500 నుంచి 6,000కు, గోల్డ్‌ను 18,000 నుంచి 11,000కు మార్చి చూశాం. సగటు 99 నుంచి 103 అయింది, అంతే. అంత గందరగోళం జరిగినా తెరిచేవాడి సగటు కదల్లేదు. డబ్బు గోల్డ్ గడిలోంచి రెడ్ గడిలోకి జరిగింది. ఐదుగురిలో నలుగురికి వచ్చే 15 రూపాయల బ్లూ అలాగే ఉంది. మా మేనల్లుడు ఇది చూసి చాలాసేపు మాట్లాడలేదు.

షీటులో చేసిన మార్పు: ప్రతి ధర పక్కన తేదీ గడి. వారం దాటిన ధర ఉంటే సమాధానం చూపించదు, "ధర మార్చండి" అంటుంది. ఒక కంపెనీ ఒక్క రాత్రిలో నియమం మార్చగలిగిన చోట పాత ధరతో సలహా ఇవ్వడం తప్పు. 2019 జూలైలో ఇదే కంపెనీ ఆట టీమ్ ఫోర్ట్రెస్ 2లో ఒక లోపం వల్ల కొన్ని పాత పెట్టెలు తెరిచిన ప్రతివాడికీ అరుదైన టోపీలు వచ్చి, ఆ టోపీల ధరలు కుప్పకూలాయి. "ఉంచు" అనే మూడో దారికి ఇది నేరుగా తగులుతుంది. ఆటలో రావడం ఆగిపోయిన పాత కేసు, తెరిచేవాళ్ళు తెరుస్తుంటే తగ్గిపోతూ ధర పెరగొచ్చు. నిజమే. కానీ నియమం చేతిలో ఉన్నవాడు వేరే ఉన్నాడు. అందుకని "ఉంచు" అని వచ్చినప్పుడల్లా దాని కింద ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం పెట్టాం: "రేపు నియమం మారితే ఈ ధర ఉండకపోవచ్చు."

అక్టోబర్ 29, బుధవారం

మొంథా తుపాను వానలు. బయటికి వెళ్ళే పని లేదు. మధ్యలో కరెంటు పోయి వస్తోంది. కాగితం మీదే పని చేశాం.

ఇవాళ పట్టుకున్నది టెర్మినల్. సెప్టెంబర్‌లో ఆటలోకి వచ్చిన కొత్త రకం పెట్టె ఇది. దీనికి కీ అక్కర్లేదు. తెరిస్తే ఒక్కో వస్తువునూ దాని ధరతో సహా చూపిస్తుంది. ఒప్పుకుంటే ఆ ధర ఇచ్చి కొనుక్కోవచ్చు, వద్దంటే ఇంకోటి చూపిస్తుంది. ఇలా ఐదు బేరాల దాకా. చూశాకే డబ్బు పెడతాం కాబట్టి కేసు కంటే ఇది నయమనిపించింది నాకు. అయినా ఊరికే తెరిచినట్టు కాదు, మూసి ఉన్న టెర్మినల్‌కు కూడా మార్కెట్‌లో ధర ఉంది, తెరిస్తే అది పోతుంది.

లెక్క వెనక నుంచి కట్టాలి. ఐదో బేరం దగ్గర ప్రశ్న సులువు: అడిగిన ధర కంటే, అమ్మితే చేతికొచ్చేది ఎక్కువైతే తీసుకో, లేకపోతే వద్దను. నాలుగో బేరం దగ్గర, ఇప్పుడు మిగిలే లాభం ఐదో బేరంలో సగటున ఆశించగలిగే లాభం కంటే ఎక్కువైతేనే తీసుకో. అలా ఒక్కో మెట్టూ వెనక్కి. మొదటి బేరం దగ్గరికి వచ్చేసరికి ఒక అంకె దిగుతుంది. ఆ అంకె మూసి ఉన్న టెర్మినల్ అమ్మితే వచ్చేదానికంటే తక్కువైతే, తెరవకుండా అమ్మేయడమే. సొంతానికి వాడుకోవాలని మనసుపడ్డ స్కిన్ ఉంటే వేరే మాట, అప్పుడు అమ్మకం ధర బదులు "దీనికి నేను ఎంత ఇస్తాను" అన్న అంకె వేసుకోవాలి.

ఈ వెనక లెక్క వాడికి బాగా పట్టింది. కాలేజీలో ఏదో సబ్జెక్టులో చెప్పారట, అప్పుడు అర్థం కాలేదన్నాడు. కొవ్వొత్తి వెలుగులో కాగితం మీద ఐదు మెట్లూ తనే మళ్ళీ కట్టి చూపించాడు. నాకు చాలా సంతోషం వేసింది, వాడికి చెప్పాను కూడా.

అక్టోబర్ 31, శుక్రవారం

వేరే ఆటల సంగతి. ఇక్కడి పిల్లలు ఎక్కువగా ఆడేది ఫోనులో బీజీఎంఐ, ఫ్రీ ఫైర్. వాటిలో పెట్టెలోంచి వచ్చింది అమ్ముకునే మార్కెట్ లేదు కాబట్టి "అమ్మాలా" అన్న ప్రశ్నే రాదు. తెరవాలా వద్దా అన్నదొక్కటే మిగులుతుంది. మా షీటులో అమ్మకం గడులన్నీ సున్నా వేస్తే వాటికి కూడా సమాధానం వస్తుంది, ఆ సమాధానం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వార్‌ఫ్రేమ్ అనే ఆటలో రివెన్ అనే మూసిన కార్డులున్నాయి. వాటిని తెరవడానికి డబ్బు అక్కర్లేదు, ఒక సవాలు పూర్తి చేయాలి. మూసినదాన్నీ అమ్ముకోవచ్చు, తెరిచినదాన్నీ అమ్ముకోవచ్చు. అక్కడ ఖర్చు గడిలో కీ బదులు సమయం వేయాలి. నైపుణ్యం ఉన్న ఆటగాడికి తెరవడమే మేలు కావచ్చు, షీటు ఒప్పుకుంటే నాకూ అభ్యంతరం లేదు.

ఇక మేనల్లుడి కేసులు. నిన్న రాత్రి కొత్త ధరలన్నీ ఎక్కించి ఒక్కోదాన్నీ షీటులో నడిపాడు. ఒక్కదానికి కూడా "తెరువు" రాలేదు. ఇప్పటికీ ఆటలో వస్తున్న కేసులన్నీ మార్కెట్‌లో పెట్టేశాడు. అమ్మేది తనేనని నిర్ధారించే స్టీమ్ అథెంటికేటర్ ఫోనులో ముందే ఉంది కాబట్టి వెంటనే అమ్మకానికి వెళ్ళాయి. అది లేకపోతే 15 రోజుల దాకా ఆపి ఉంచుతారు. రావడం ఆగిపోయిన పాత కేసులు కొన్ని "ఉంచు" అని వచ్చాయి, వాటిని ఉంచుకుంటానన్నాడు. ఎర్ర వాక్యం చదివాడా అని అడిగాను. చదివానన్నాడు.

ఒక్క కేసు తెరుచుకుంటానని అడిగాడు. ఎంత పోతుందో తెలుసా అంటే, ఐదింట నాలుగు వంతులు పదిహేను రూపాయల బ్లూ అని తనే చెప్పాడు. తెలిసి, తన జేబు డబ్బుతో, సినిమా టికెట్టంత ఖర్చుతో తెరుస్తానంటే నేను అడ్డు చెప్పను. ఇంకా తెరవలేదు, తరవాత చూస్తానన్నాడు.

మిగిలిన పని: టెర్మినల్ మెట్లను షీటులోకి ఎక్కించాలి. రెడ్ వరసలకు అరుగుదల తరగతులు విడదీయాలి, ఐదు రెడ్ల మార్పిడి వచ్చాక అక్కడ ఫీల్డ్-టెస్టెడ్ ఒక్కటే చాలదు. కత్తుల ధరలు పడి నష్టపోయిన ఆ క్లాస్‌మేట్ షీటు అడిగాడట, తన దగ్గర మిగిలినవి అమ్మాలో ఉంచాలో చూసుకోవడానికి. ఆదివారం ఇద్దర్నీ రమ్మన్నాను. వాడి కత్తులకు కేసు ఉండదు, కీ ఉండదు, కాబట్టి ఖర్చు గడిని మార్చి రాయాలి.